ప్లస్ రెండే కదా అని ఇచ్చిన రక్షరేకు

ముందే ఒప్పేసుకుంటున్నా, ఇందులో తప్పు నాదే. ఎంవీపీ కాలనీలో మా హాల్లో శనివారం రాత్రుళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో కథ ఆడే ఆట నడుపుతుంటాను, ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలతో. 2024లో సవరించినవి వచ్చాయి గానీ మేం ఇంకా మారలేదు. డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపి శత్రువుల తరఫున ఆడేవాడు) నేనే. ఆడేవాళ్లు నలుగురు. ఫైటర్ (యోధుడు) ఆడేది మా బావ, స్టీల్ ప్లాంట్‌లో పని, బి షిఫ్ట్ పడితే పదకొండు దాటితే గానీ రాడు. క్లెరిక్ (దేవుడి మంత్రాలు వేసే పూజారి) ఆడే అక్క లెక్కల టీచరు (ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నా కొంప ముంచేది ఆవిడే). విజార్డ్ (మాంత్రికుడు) ఆడే తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రోగ్ (దొంగ) ఆడేది ఎదురింటాయన, ఈ కథలో ఆయనకి పెద్దగా పని లేదు, ఎప్పుడూ ఏదో ఒక స్తంభం వెనకాల దాక్కునే ఉంటాడు.

పార్టీ ఆరో లెవెల్‌కి వచ్చింది. కొండ మీద పాడుబడ్డ గుడి ఒకటి పెట్టాను, కైలాసగిరి మీంచి కిందికి చూస్తే సముద్రం ఎలా కనబడుతుందో అలాంటి చోటు, గుడి కింద గుహ, గుహలో పెట్టె, పెట్టెలో రాగి రక్షరేకు. చేతికివ్వడానికి పూర్ణా మార్కెట్లో నిజంగానే ఒక రాగి రేకు కొని నల్లతాడుకి గుచ్చాను, ఇలాంటి వస్తువు చేతిలో పడితే ఆడేవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఇది పుస్తకంలోది కాదు, నేను కల్పించినదే. కట్టుకున్నవాడి ఏసీకి ప్లస్ 2. అట్యూన్‌మెంట్ (వస్తువుని తనకి ముడిపెట్టుకోవడం) అక్కర్లేదు, ఛార్జీల (ఇన్నిసార్లే వాడాలనే లెక్క) గొడవ లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఏసీ అంటే ఆర్మర్ క్లాస్. (మే నెల ఉక్కపోతలో మా టేబుల్ దగ్గర "ఏసీ ఎంత?" అని అడిగితే ఎవరో ఒకరు రిమోట్ చూసి 24 అంటారు. జోకు పాతదే, అయినా ప్రతిసారీ వేస్తారు.) కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు: శత్రువు 20 ముఖాల పాచిక వేసి తన అటాక్ బోనస్ కలుపుతాడు, ఆ మొత్తం నీ ఏసీకి సమానమైనా దాటినా దెబ్బ తగిలినట్టు. పాచిక మీద 20 పడితే నీ ఏసీ ఎంతున్నా తగులుతుంది, పైగా అది క్రిటికల్, డ్యామేజ్ పాచికలు రెట్టింపు. 1 పడితే ఎంత బోనస్ ఉన్నా గురి తప్పినట్టే.

రేకు ఇచ్చేటప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది: ఇరవైలో రెండు, అంటే పది శాతం. ఆరో లెవెల్‌కి పది శాతం రక్షణ ఏపాటి అనుకున్నా. తమ్ముడు తీసుకుంటాడేమో, పాపం ఊరికే పడిపోతుంటాడు అని కూడా అనుకున్నా. బావ తీసుకున్నాడు.

బావ ఫైటర్‌ని మేం ఇనప్పెట్టె అంటాం. ప్లేట్ ఆర్మర్ 18, డాలు 2, డిఫెన్స్ ఫైటింగ్ స్టైల్ 1, మొత్తం ఏసీ 21. రేకు కట్టగానే 23. దాని మీద అక్క షీల్డ్ ఆఫ్ ఫెయిత్ వేసింది, ఫస్ట్ లెవెల్ స్పెల్ (మంత్రం), టర్న్‌లో అదనంగా దొరికే బోనస్ యాక్షన్‌తో పది నిమిషాల దాకా ప్లస్ 2. అంటే 25. ఆ రాత్రి నేను దింపింది ఓర్కుల (రాక్షసజాతి శత్రువుల) గుంపు. ఓర్కు అటాక్ బోనస్ ప్లస్ 5. 25 రావాలంటే పాచిక మీద 20 పడాల్సిందే, ఇంకో దారి లేదు.

బావ మీద 19 దాడులు వేశాను. ఒక్కటి తగిలింది. కరెంటు బిల్లు వెనక గీతలు పెట్టుకున్నా, ఆ కాగితం ఇప్పటికీ ఉంది, ఒక వైపు 18 గీతలు, రెండో వైపు ఒకే ఒక్క గీత. పద్నాలుగో దాడి తప్పిపోయాక బావ కుర్చీ వెనక్కి వాల్చి మురీ మిక్చర్ పొట్లం విప్పుకుని, "నువ్వు వేస్తూ ఉండు బావా, అయ్యాక చెప్పు" అన్నాడు. చాలా కాలింది నాకు.

ఇక్కడ నేను చేసిన మొదటి తెలివితక్కువ పని: తర్వాతి వారం ఓర్కుల అటాక్ బోనస్‌ని చెప్పకుండా ప్లస్ 9 చేశాను. అవి వేరే తెగ, ఆరితేరిన యోధులు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. లెక్క ప్రకారం చూస్తే బావ విషయంలో భలే కుదిరింది, 25 ఏసీ మీద పాచిక 16 నుంచి తగులుతుంది, అంటే నాలుగింట ఒకటి, రేకూ స్పెల్లూ లేకుండా మామూలు ఓర్కు ఎంత తగిలించేదో సరిగ్గా అంతే. కానీ ఓర్కులకి అగ్రెసివ్ అని ఒక గుణం ఉంది, బోనస్ యాక్షన్‌తో శత్రువు వైపు ఇంకోసారి పరిగెత్తగలవు. నాలుగు ఓర్కులు ఇనప్పెట్టెని తప్పించుకుని సరాసరి తమ్ముడి మీదికి పోయాయి. తమ్ముడి ఏసీ, మేజ్ ఆర్మర్ అనే స్పెల్‌తో కలిపి 15. ప్లస్ 9 మీద అది పాచిక 6 పడినా తగులుతుంది, నూటికి డెబ్బై అయిదు. షీల్డ్ స్పెల్ వేసి 20కి పెంచుకున్నా సగం దాడులు తగిలాయి. రెండో రౌండ్‌లో కింద పడ్డాడు. "అన్నా, బావకి తగల్లేదని ఆ కోపం నా మీద తీర్చుకున్నావా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే చేసింది అదే.

అక్క అప్పటికి ఏమీ అనలేదు. ఇంటికెళ్లి లెక్క వేసి ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఫొటో పంపింది, నాలుగు గీతల నోటు పుస్తకంలో. "నువ్వు శాతాన్ని చూశావు. ఎన్ని దాడుల దాకా నిలబడతాడో చూడు" అని కింద ఒక్క ముక్క.

ఆ ఫొటోలో ఉన్నదే ఈ కేసుకి ప్రాణం, కాస్త ఓపిగ్గా చూడండి. ఓర్కు గొడ్డలి దెబ్బ సగటు 9.5, క్రిటికల్ అయితే 16. ఏసీ 21 మీద పాచిక 16 నుంచి 19 దాకా మామూలు దెబ్బ, 20 క్రిటికల్. కాబట్టి ఒక్కో దాడికి సగటున పడేది 2.7. బావ హిట్ పాయింట్లు (ప్రాణబలం) 58, అంటే సుమారు 21 దాడులకి పడిపోతాడు. రేకు కడితే దాడికి 1.75, అప్పుడు 33 దాడులు. రేకు మీద స్పెల్ కూడా ఉంటే మిగిలేది క్రిటికల్ ఒక్కటే, దాడికి 0.8, నిలబడేది 72 దాడులు. ఇప్పుడదే రేకు తమ్ముడికి కట్టి చూడండి. ఏసీ 15 మీద దాడికి 5.55, తమ్ముడికున్నవి 38 హిట్ పాయింట్లు, దాదాపు 7 దాడులు. 17 అయితే దాడికి 4.6, 8 దాడులు పైచిలుకు. తమ్ముడికి రేకు ఇచ్చేది ఒకటిన్నర దాడి. బావకి ఇచ్చేది పన్నెండు. స్పెల్ కూడా తోడైతే యాభై ఒకటి.

తమాషా ఏంటంటే, ఒక్కో దాడికి ఆదా అయ్యే డ్యామేజ్ ఇద్దరికీ సమానమే, 0.95. నా "పది శాతం" అబద్ధం కాదు, దేంట్లోంచి తీసేస్తున్నానో చూసుకోలేదంతే. వంద రూపాయల అప్పులో పది తగ్గితే గాలి పీల్చుకుంటాం, పదిహేను రూపాయల అప్పులో పది తగ్గితే అప్పు తీరిపోయినట్టే. రక్షణ ఎంత ఉన్నవాడికి ఇస్తే అంత విలువ పెరుగుతుంది, డబ్బున్నవాడికే బ్యాంకు అప్పిచ్చినట్టు.

కొట్టేవాడు ఎవడన్నది కూడా చూడాలి. హిల్ జెయింట్‌కి ప్లస్ 8 బోనస్, దెబ్బ సగటు 18.5. దాని ముందు బావ ఏసీ 21 అయితే నిలబడేది 7 దాడులు, రేకుతో 9, స్పెల్ కూడా ఉంటే 13. ఓర్కుల ముందు మూడు రెట్లకు పైగా పెరిగిన ఆయుష్షు జెయింట్ ముందు రెండు రెట్లు కూడా కాలేదు. కాబట్టి ఒక రక్షణ వస్తువు ఎంత బలమైనదని ఎవరైనా అడిగితే, ఎవరి ఒంటి మీద, ఎవరి చేతి దెబ్బకి అని నేనిప్పుడు ఎదురడుగుతాను. పుస్తకంలో రేరిటీ (ఎంత అరుదైనదన్న ముద్ర) చూసి జవాబు చెప్పేవాళ్లని ఇక నమ్మను.

పుస్తకాన్ని తీసిపారేయడం లేదు. నిజానికి తిరగేసి ఉంటే అక్కడే తెలిసేది. రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ ఇచ్చేది ఏసీకి ప్లస్ 1, సేవింగ్ త్రోలకి (మంత్రాల్లాంటివాటిని తప్పించుకోవడానికి వేసే పాచికకి) ప్లస్ 1, దానికే రేర్ అన్నారు, అట్యూన్‌మెంట్ కావాలన్నారు, అట్యూన్ చేసుకోగలిగేవి మనిషికి మూడే. బ్రేసర్స్ ఆఫ్ డిఫెన్స్ ప్లస్ 2 ఇస్తాయి, కానీ ఒంటి మీద కవచమూ చేతిలో డాలూ ఉండకూడదు. అంటే ఆ ప్లస్ 2ని ఏసీ తక్కువున్నవాడి దగ్గరికే తోశారు, ఇనప్పెట్టె ముట్టుకోకుండా. ప్లస్ 2 డాలు కూడా ఉంది కదా, దానికి అట్యూన్‌మెంట్ లేదు కదా అంటారేమో, నిజమే, కానీ డాలు ఒక చెయ్యి తింటుంది, రెండు డాళ్ల లాభం ఎవడికీ రాదు. నా రేకు మెడలో వేలాడుతుంది, దేన్నీ అడగదు. షీల్డ్ స్పెల్‌ని చూసి ప్లస్ 5 అమ్మో అనే డీఎంలు ఉన్నారు, కానీ దానికి ఒక రియాక్షన్ (ఏదైనా జరగ్గానే స్పందించే అవకాశం) పోతుంది, ఒక స్లాట్ (మంత్రాలు వేసే కోటాలో ఒకటి) పోతుంది, తర్వాతి టర్న్ మొదలయ్యేదాకే ఉంటుంది. షీల్డ్ ఆఫ్ ఫెయిత్‌కి కాన్సంట్రేషన్ (చెదిరితే స్పెల్ పోయే ఏకాగ్రత) కావాలి, అక్కకి ఒకటి తగిలిస్తే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి, డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 10 లేదా పడ్డ డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. శత్రువుకి పట్టుకోవడానికి ఒక పిలక ఉందన్నమాట. నా రేకుకి పిలక లేదు.

మూడో ఎడిషన్ వాళ్లు ఈ సంగతిని ధరలోనే పెట్టేశారు. 3.5 నియమాల్లో రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ ధర బోనస్ వర్గాన్ని 2,000తో గుణిస్తే వచ్చే బంగారు నాణేలు: ప్లస్ 1 అయితే 2,000, ప్లస్ 2 అయితే 8,000, ప్లస్ 5 అయితే 50,000. బోనస్ ఐదింతలు, ధర ఇరవై ఐదింతలు. అప్పట్లో ఈ పట్టిక చూసి ఇదేం దోపిడీ అనుకున్నవాణ్ణి నేను.

సరే, దిద్దుబాటు. టేబుల్ దగ్గర అందరి ముందూ చెప్పేశాను, ఓర్కుల బోనస్ పెంచింది నేనే, ఇకమీదట ప్లస్ 5కే కట్టుబడతానని, రేకు మాత్రం మార్చాలని. బావ మొహం మాడ్చుకున్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది: "ఆర్మర్‌కీ డాలుకీ స్టైల్‌కీ అన్నిటికీ ఖర్చు పెట్టుకున్నది తగలకుండా ఉండడానికే కదా, తగలకపోతే నీకెందుకు బాధ?" దీని మీద గంట గడిచింది. ఇనప్పెట్టెకి తగలకూడదు, అది వాడి హక్కు. నా బాధ ఆయనకి తగలకపోవడం కాదు, ఆయనకి తగలదని తెలిసిన శత్రువు ఆయన దగ్గర ఆగకపోవడం. ఫైటర్‌ని దాటిపోయే ఓర్కుకి పడే శిక్ష ఒక్క ఆపర్చునిటీ అటాక్, అది కూడా రౌండ్‌కి ఒకరికే. బుర్ర ఉన్న శత్రువు ఎవడైనా ఇనప్పెట్టెని వదిలేసి తమ్ముడి మీదికే పోతాడు. బావ ఏసీ పెరిగే కొద్దీ తమ్ముడి మీద దాడులు పెరుగుతున్నాయి. ఇది చెప్పాక బావ కాస్త మెత్తబడ్డాడు, తమ్ముడంటే ఆయనకి ఇష్టం.

మొదట రేకుకి మూడు ఛార్జీలు పెట్టాను. దెబ్బ తగిలిందని నేను చెప్పాక రియాక్షన్‌తో ప్లస్ 2 వాడొచ్చు, పాచిక స్క్రీన్ వెనక వేస్తాను కాబట్టి ఎంతతో తగిలిందో ఆయనకి తెలీదు, క్రిటికల్ అయితే మాత్రం చెబుతాను. తెల్లారితే ఛార్జీలు మళ్లీ నిండుతాయి. బలం బాగా తగ్గించేశానని సంతోషపడ్డా. అక్క అప్పటికప్పుడు రుమాలు కాగితం మీద వేసి చూపించింది. స్పెల్ లేనప్పుడు బావకి తగిలే మామూలు దెబ్బలు పాచిక 16, 17, 18, 19, అందులో ప్లస్ 2 ఆపేది 16, 17లనే, అంటే ఛార్జీ సగంసార్లు వృథా. స్పెల్ ఉన్నప్పుడు ఏసీ 23, తగిలేవి 18, 19 మాత్రమే, రెండింటినీ ఆపేస్తుంది, ఒక్క ఛార్జీ కూడా వృథా పోదు. "నువ్వు విడగొట్టాల్సింది వీటి జోడీని కదా, ఇంకా గట్టిగా ముడేశావు" అంది. పిల్లలకి పేపర్లు దిద్దే గొంతుతోనే అంది.

విడగొట్టే ఉపాయం కూడా పాత పుస్తకంలోనే దొరికింది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో బోనస్‌లకి రకాలు పెట్టారు, ఒకే రకానివి రెండుంటే చాలావరకు పెద్దది ఒక్కటే లెక్క. అందులో రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్‌దీ షీల్డ్ ఆఫ్ ఫెయిత్‌దీ ఒకే రకం, డిఫ్లెక్షన్, వస్తున్న దెబ్బని పక్కకి నెట్టేది. రెండూ ఒకేసారి కలవవు. ఐదో ఎడిషన్‌లో ఆ రకాలు తీసేశారు, ఒకే పేరున్న స్పెల్ రెండుసార్లు వేస్తే కలవదు గానీ పేర్లు వేరైతే కలుస్తాయి, వాళ్లు బోనస్‌లని చిన్నవిగానూ కాన్సంట్రేషన్‌తో కట్టేసీ ఉంచారు కాబట్టి సరిపోయింది. అదేమీ లేని వస్తువుని మధ్యలో పడేసింది నేను. కాబట్టి పాత నియమం ఈ ఒక్క వస్తువుకి అరువు తెచ్చుకున్నాం: రేకు ప్లస్ 2 అలాగే ఉంటుంది, అట్యూన్‌మెంట్ కావాలి, షీల్డ్ ఆఫ్ ఫెయిత్‌తో కలవదు. ఛార్జీలు తీసేశాం. బావ గరిష్ఠం 23.

ఏసీ మీద ఇంత రాశాక, ఏసీ పనికిరాని చోటు గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీలన్నిటికీ గ్రిల్స్ ఉన్నాయి, దొంగ అనేవాడు దూరలేడు. గాలి గ్రిల్‌ని అడగలేదు. అద్దాలన్నీ హాల్లో ఉన్నాయి, ఇప్పుడు మేం ఆడే టేబుల్ ఉన్న చోటనే. సేవింగ్ త్రోలు అలాంటివి. కల్ట్ ఫనాటిక్ అని సీఆర్ 2 (శత్రువు బలానికి కొలత) శత్రువు ఉంటాడు, వాడి హోల్డ్ పర్సన్ (మనిషిని బిగించేసే స్పెల్) డీసీ 11. బావ విజ్డమ్ సేవ్ ప్లస్ 0, సగం సార్లు బిగుసుకుపోతాడు. బిగుసుకుపోయినవాడి మీద దాడులకి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం), ఐదడుగుల లోపు నుంచి తగిలిన ప్రతిదీ క్రిటికల్. ఏసీ 25 ఉన్న ఇనప్పెట్టె అలా నిలబడి దెబ్బలు తినడం మేం ఒకసారి చూశాం. ఇది తెలిశాక ప్రతి వారం ఫనాటిక్‌లని దింపేసే డీఎంలు ఉంటారు, నాకది నచ్చదు, బావ కట్టుకున్న గోడని చూడనట్టు నటించడం అది. మూడు వారాలకోసారి చాలు.

కొత్త నియమంతో మొదటి శనివారం నేను అనుకోనిది జరిగింది. మెట్ల దారిలో ఓర్కులు ఉన్నాయని రోగ్ వచ్చి చెప్పాడు (అవును, ఆయన కూడా మాట్లాడాడు). అక్క షీల్డ్ ఆఫ్ ఫెయిత్ బావ మీదే వేస్తానంది. బావ కాసేపు రాగి రేకుని వేళ్ల మధ్య తిప్పి, "ఆవిడ స్పెల్ నా మీద ఉంటే ఇది నాకు ఉత్త బరువే కదా" అని, షార్ట్ రెస్ట్ తీసుకుందామన్నాడు, అట్యూన్ చేసుకోవడానికి ఒక రెస్ట్ కావాలి కాబట్టి. నల్లతాడు విప్పి తమ్ముడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టి ముడేశాడు, షిఫ్ట్ నుంచి సరాసరి వచ్చాడేమో గోళ్లలో ఇంకా మసి ఉంది. "ఒరే, ఇది పారేశావంటే నీ సంగతి చెప్తా." తమ్ముడు షీట్ మీద 15 కొట్టేసి 17 రాసుకున్నాడు.

నాలుగు రౌండ్లు. ఓర్కులు సరిగ్గా 16 తెచ్చిన దాడి ఒకటి తమ్ముడి మీద తప్పిపోయింది, రేకు లేకపోతే తగిలేదే, టేబుల్ అంతా అరిచింది, కింద ఫ్లోర్ వాళ్లు ఫోన్ చేశారు. బావ ఏసీ 23 మీద రెండు తగిలాయి, మురీ మిక్చర్ పొట్లం విప్పలేదు. ఐదో రౌండ్‌లో మెట్ల పైనుంచి వాళ్ల మాంత్రికుడు ఫైర్‌బాల్ వేశాడు, 8 పాచికలు, 29 వచ్చింది. తమ్ముడికి మిగిలినవి 26. డెక్స్ (డెక్స్టెరిటీ, చురుకుదనం) సేవ్ తప్పాడు. రేకు మణికట్టుకే ఉంది.